పదిహేనూ సరిపోయాయి

ఎనిమిదీ ఇరవై. తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్తామన్నారు. అంటే ఇంకా నలభై నిమిషాలు. అందులో మత్తు డాక్టరు వచ్చి గంగాలమ్మ నోరు తెరిపించి చూసి, పేరేమిటి, పొద్దున్న ఏమైనా తిన్నావా అని అడగడానికి పది నిమిషాలు తీసేస్తే ముప్పై. చెప్పదలచుకుంటే ఈ ముప్పై నిమిషాల్లోనే చెప్పాలి. గౌరీశ్వరి ఆ ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తు వరండాలో ఇనుప కుర్చీ మీద కూర్చుని, ఒళ్ళో ఉన్న స్కాన్ కవరుని ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. ఎవరూ లాక్కోరు. అందులో ఉన్నది అందరూ చదివేశారు. పొట్టలో ఎడమవైపు బత్తాయికాయంత గడ్డ, దానికి పేగు అతుక్కుపోయి ఉంది, క్యాన్సరు కావచ్చు అని రాశారు. డాక్టర్ జయంత్, కుర్రవాడే అయినా హస్తవాసి ఉన్నవాడని పేరు, పేగుని అటు జానెడు ఇటు జానెడు కోసి గడ్డతో సహా తీసేస్తామని, అవసరమైతే కొన్నాళ్ళు పొట్ట మీద సంచీ పెట్టి మలం అందులోకి మళ్ళిస్తామని చెప్పి, గంగాలమ్మ చేతా మొగుడు సింహాద్రి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు. అందరికీ తెలిసింది అంతే. అది క్యాన్సరు కాకపోవచ్చని, పంతొమ్మిదేళ్ళ కిందట లోపల ఉండిపోయిన గుడ్డముక్క అయి ఉంటుందని తెలిసిన మనిషి ఈ భవనం మొత్తం మీద గౌరీశ్వరి ఒక్కతే. ఉండిపోనిచ్చిన మనిషి కూడా ఆవిడే.

తెలుసా నిజంగా? ఏమో. నిన్న సాయంత్రం ఫిల్ముల్ని ఆ కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూసింది. వెనక నుంచి హార్బరు క్రేన్లు కూడా లీలగా కనబడుతుంటే, వాటి ముందు గంగాలమ్మ పొట్ట, పొట్టలో గడ్డ, గడ్డలో చిన్న చిన్న బుడగలు, నలిపిన బట్టని బకెట్లో వేస్తే మధ్యలో గాలి పట్టుకుని ఉండిపోతుందే, అలాగ. ఫిల్ములు చదవడం ఆవిడ చదువు కాదు. థియేటర్లో నిలబడడం ఆవిడ చదువు. ముప్పై మూడేళ్ళు నిలబడింది. కాళ్ళ నరాలు ఉబ్బి నల్లబడేదాకా నిలబడి, కత్తెర అడిగితే కత్తెర, దారం అడిగితే దారం, అడక్కముందే అందించేది. పాలకొండ అవతల పల్లెలో వరినాట్లు వేసిన పిల్ల, మొదటిసారి థియేటర్ బూట్లు తొడుక్కున్న రోజున నవ్వుకుంది, ఇక్కడా మడమల దాకా తడే కదా అని. సిస్టర్, మీరు లెక్క చెప్తే నేను కళ్ళు మూసుకుని కుట్లేస్తాను, అనేవారు డాక్టర్ దేవీప్రసాద్ గారు, ఆ సర్కారు ఆసుపత్రి పెద్ద సర్జను. కళ్ళు మూసుకోకుండా ఉండాల్సింది, మహానుభావుడు. పోయి రెండేళ్ళయింది. ఆయన్ని ఇప్పుడు ఎవరేమంటారు? అంటారు, ఎందుకనరు, పోయినవాళ్ళని అనడమే సుళువు.

పక్క కుర్చీలో సాయిదుర్గ మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని చదవకుండా పేజీలు తిప్పుతోంది. గంగాలమ్మ కూతురు. నర్సింగు రెండో సంవత్సరం. మా గుంట నీనాగవ్వాలి సిస్టరమ్మా, అని తల్లి పట్టుబట్టి చేర్పించింది. యారాడ కొండ దిగి పడవల వాళ్ళ ఇంటి నుంచి నర్సు అవుతున్న మొదటి పిల్ల. దరఖాస్తు రాసిచ్చింది గౌరీశ్వరే, తెల్లకోటు కొనిచ్చింది గౌరీశ్వరే, ఇంటర్వ్యూకి తీసుకెళ్ళింది కూడా. ఎంత మంచి మనిషో అనుకున్నారు అందరూ. మంచితనం కాదని ఆవిడకి తెలుసు. ఆ పిల్ల మొహం చూసినప్పుడల్లా ఆ ఉదయం గుర్తొచ్చేది, ఆ ఉదయాన్ని ఎలాగైనా మంచి ఉదయంగా చేసెయ్యాలని పిల్లకి ఏదో ఒకటి చేస్తూ ఉండేది. అమ్మకి సంచీ పెడతారాండీ, అని అడుగుతోంది పిల్ల ఇప్పుడు, పుస్తకంలోంచి తలెత్తకుండా. పెట్టకపోవచ్చులే, అంది గౌరీశ్వరి. ఆ మాట ఎలా అనగలిగారు అని పిల్ల అడగలేదు. అడిగితే చెప్పేసేదేమో. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఇలాంటి సాకులు పంతొమ్మిదేళ్ళుగా ఎన్ని పోగయ్యాయో.

పంతొమ్మిదేళ్ళ కిందటి ఆగస్టు నెల, శుక్రవారం, పొద్దున్న పదకొండు గంటలు. వాన. గంగాలమ్మకి నడుముకి మత్తిచ్చి పొట్ట కోసి పిల్లని తీశారు. ఏడ్చింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. అప్పట్లో మాపులు, అంటే రక్తం అద్దడానికీ పేగుల్ని పక్కకి ఒత్తిపెట్టడానికీ వాడే గుడ్డలు, కొన్నవి రావు. మధ్యాహ్నాలు సిస్టర్లే కూర్చుని గాజ్‌గుడ్డ తాను కత్తిరించి నాలుగు మడతలు పెట్టి అంచు కుట్టేవాళ్ళు. ఎక్స్‌రేలో కనబడే నీలం దారం ఉన్న గుడ్డలు వచ్చింది ఎన్నో ఏళ్ళ తర్వాత. అయిదేసి చొప్పున మూడు కట్టలు, పదిహేను. ఆ వారం గుడ్డ తాను అయిపోయింది, ఆ రోజుకి ఉన్నవి ఆ పదిహేనే. దేవీప్రసాద్ గారు చిన్నది కావాలి సిస్టర్, మూలకి పెట్టాలి, చిన్నదివ్వండి అని అరిచారు. చిన్నది లేదు. గౌరీశ్వరి చేతిలో కత్తెర ఉంది. ఒక మాపుని కసక్కున రెండు ముక్కలు చేసి ఒక ముక్క ఇచ్చింది. రెండోది కాసేపాగి అడిగితే అదీ ఇచ్చింది. లెక్క మొదలెట్టాక గుడ్డని కొయ్యకూడదు. అది థియేటర్లో కాలు పెట్టిన మొదటి రోజే నేర్పుతారు. నేర్చుకుంది. కానీ అప్పుడు ఆ గదిలో ఎవరికీ గుడ్డ కనబడలేదు, రక్తం కనబడింది. రక్తం ఆగింది. బీపీ ఎక్కింది. కౌంట్, అన్నారు ఆయన. కింద ప్లాస్టిక్ పట్టా మీద తడిసి ముద్దయిన గుడ్డల్ని అయిదేసి చొప్పున పరిచి బయటికి లెక్కపెట్టింది, ఒకటి రెండు మూడు. తడిసిన గుడ్డలో సగమేదో నిండేదో ఎవరికి తెలుస్తుంది. పదిహేను. కరెక్ట్ సార్. ఆయన కుట్లేశారు. కాగితం మీద కౌంట్ కరెక్ట్ అని రాసి సంతకం పెట్టింది, గుండ్రటి అక్షరాలు, ఆవిడ దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు.

పద్నాలుగు నిండువి, రెండు సగాలు. పదహారు. సాయంత్రం అయిదింటికి ఇంటికి పోతూ పెందుర్తి బస్సులో, కంచరపాలెం దగ్గర గూడ్సు బండి కోసం గేటు వేసి ఉంటే, ఎవరిదో తడిగొడుగు భుజానికి తగులుతూ ఉంటే, ఏమీ ఆలోచించకుండా వేగన్లు లెక్కపెడుతోంది, అలవాటుకొద్దీ, పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు. పదహారు అనగానే లెక్క అక్కడే ఆగిపోయింది. గేటు తీశారు. బస్సు కదిలింది. దిగలేదు. ఎందుకు దిగలేదు? దిగి ఎదురు బస్సెక్కితే అరగంట. దేవీప్రసాద్ గారింటికి ఫోన్ చేస్తే అయిదు నిమిషాలు. మర్నాడే మళ్ళీ తెరిచి తీసేసేవారు, తిట్టేవారు, ఒక మెమో ఇచ్చేవారు, అంతకన్నా ఏముంది. ఉద్యోగం పోతుందని కాదు. ఆ మాట తనకి తను ఎన్నిసార్లు చెప్పుకున్నా నమ్మలేదు, ఉద్యోగం భయం కాదది. సిస్టర్ లెక్క చెప్తే కళ్ళు మూసుకుంటాను అనే మాట పోతుందని. అంత చిన్న మాట కోసం. మర్నాడు పొద్దున్నే పోయి చెత్తడబ్బా చూసింది, ఖాళీ చేసేశారు. వార్డుకి పోయింది. గంగాలమ్మ పిల్లకి పాలిస్తూ నవ్వుతోంది, జ్వరం లేదు, పొట్ట మెత్తగా ఉంది. ఇంకేం, ముక్క బకెట్లో పడిపోయి ఉంటుంది, నేల తుడిచినవాళ్ళు తీసేసి ఉంటారు, అనుకుంది. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉండిందో ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఒళ్ళు మండుతుంది.

ఎనిమిదిన్నర. థియేటర్ తలుపు తెరుచుకుని ఆకుపచ్చ గౌనులో ఎవరో వచ్చి నీళ్ళు తాగి వెళ్ళారు. తలుపు మూసుకునేలోపు ఆ వాసన వచ్చింది, స్పిరిటు, ఉడికిన బట్టలు, రబ్బరు. ఆ వాసనకి వెన్ను దానంతటదే నిటారయింది. సిగ్గు లేని వెన్ను. ఆ ఒక్క రోజు తర్వాత ఆవిడ లెక్కలో ఒక్క పొరపాటు లేదు. ఒకసారి కాదు మూడుసార్లు లెక్కపెట్టేది. సర్జన్లు విసుక్కుంటే విసుక్కోనీ అని నిలబడేది. ట్రైనింగుకి వచ్చిన పిల్ల పుష్ప ఒకసారి మాపుని కత్తిరించబోతే అందరి ముందూ చెయ్యి మీద ఛెళ్ళున కొట్టింది. ఆ పుష్పే ఇప్పుడు ఈ థియేటర్‌కి ఇన్‌చార్జి. నిన్న కాఫీ ఇచ్చి, ఆ దెబ్బ వల్లే మేడం నేను ఇంతదాన్నయ్యాను, అని అందరికీ చెప్పింది. జిల్లాలో కౌంట్ మేడం అంటే గౌరీశ్వరి అని పేరు. రిటైరైన రోజున దేవీప్రసాద్ గారు ముసలాయన ఊతకర్రతో వచ్చి శాలువా కప్పి, ఈమె చేతిలో ఒక్క కేసు తప్పలేదు, అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ పేరంతా ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకి తెలియదు. తప్పు వల్ల వచ్చింది. తప్పు చెయ్యకపోతే ఆవిడ కూడా అందరిలాంటి సిస్టరే అయ్యేది, ఏ మొహమాటానికో ఒకటి రెండు చూసీ చూడనట్టు పోనిచ్చేది. గంగాలమ్మ కడుపులో గుడ్డ పెట్టి, ఆ గుడ్డ మీద నిలబడి పేరు తెచ్చుకుంది.

ఇంతటితో అయితే పోనీ అనుకోవచ్చు. పొరపాటు ఎవరు చెయ్యరు. కానీ తర్వాతిదీ ఉంది. గంగాలమ్మ ఏటా పిల్ల పుట్టినరోజుకి యారాడ నుంచి రెండు బస్సులు మారి, సంచీలో ఐసు ముక్కల మధ్య వంజరం చేప పెట్టుకుని పెందుర్తి వచ్చేది. ఎడమ పక్క బరువుగుంతాది సిస్టరమ్మా, వొంగుంటే లాగుతాది, అని ఎన్నో ఏటో మొదలెట్టింది. పదో ఏడు అనుకుంటా. గౌరీశ్వరి మంచం మీద పడుకోబెట్టి వేళ్ళతో నొక్కి చూసింది. తగిలింది. చిన్నగా, జారుతూ, నిమ్మకాయలాగ. చెయ్యి తీసేసి, గ్యాసు, కారం తగ్గించు అని బిళ్ళలిచ్చింది. ఆ ఏడూ ఇచ్చింది, మరుసటేడూ ఇచ్చింది. స్కాన్ తీయిద్దామా అని గంగాలమ్మ అడిగితే ఎందుకు అనవసరంగా అంది. ఆ సాయంత్రం చేప పులుసు పెట్టి తింటూ, ఇంటాయన గురునాథరావు స్టీలుప్లాంటు నుంచి సెకండ్ షిఫ్టు దిగొచ్చి బాగుందే అంటే, బాగుంది అంది. ముద్ద దిగింది కూడా. అదీ పొరపాటేనా? దాన్ని పొరపాటు అనడానికి నోరు రాలేదు.

ఇంకో దారి కూడా ఉంది కదా. ఊరుకోవడం. వాళ్ళే కోస్తారు, వాళ్ళే చూస్తారు, గుడ్డ అని వాళ్ళకే తెలుస్తుంది. అప్పుడు ఆశ్చర్యపోవచ్చు. అయ్యో అనొచ్చు. కానీ గడ్డని కోసి తెరిచేది పేగు తీసేశాక. క్యాన్సరు అనుకున్నవాళ్ళు గడ్డని లోపల చీల్చరు, పొట్టంతా చిందుతుందని చుట్టూ ఉన్నదంతా కలిపి తీసి, బయట బల్ల మీద పెట్టి చూస్తారు. ఎన్ని వందలు చూసింది. బల్ల మీద తెరిచి గుడ్డ అని తెలుసుకునేసరికి జానెడు జానెడు మంచి పేగు బకెట్లో ఉంటుంది, చేపల గంప ఎత్తే ఆ నడుముకి సంచీ వేలాడుతూ ఉంటుంది. నలభై ఆరేళ్ళ మనిషి. సంచీతో బస్సెక్కి బేరం చెయ్యాలి. ముందే తెలిస్తే ఆ గడ్డనే జాగ్రత్తగా తెరుస్తారు, గుడ్డ తీస్తారు, పేగుని వీలైనంత మటుకు వలిచి వదిలేస్తారు. తేడా అదీ. ఈ నలభై నిమిషాల ఖరీదు గంగాలమ్మ పేగు. ఎనిమిదీ నలభై. నలభై కూడా లేవు, ఇరవై.

పుష్ప తలుపు తెరిచి, మేడం, ఒకసారి లోపలికి రండి, మీ పేషెంటు మిమ్మల్నే అడుగుతోంది, మీరుంటే గానీ బల్లెక్కనంటోంది, అని నవ్వింది. గౌరీశ్వరి లేచింది. సాయిదుర్గ పుస్తకం మూసి, ధైర్యం చెప్పండి అంది.

లోపల గదిలో గంగాలమ్మ ట్రాలీ మీద ఆకుపచ్చ దుప్పటి కప్పుకుని, ముక్కుపుడక తీసేసిన ముక్కుతో వేరే మనిషిలా ఉంది. గౌరీశ్వరిని చూడగానే చెయ్యి దొరకబుచ్చుకుంది.

"వచ్చినావా. నువ్వు లోన నిలబడు సిస్టరమ్మా. ఆ పాలి గుంట పుట్టినపుడు నువ్వు లెక్కెడతంటే నాను ఇన్నాను, మత్తులో ఉన్నా ఇన్నాను. పదిహేను అన్నావు. ఆ మాట ఇంటే ధైర్నం వచ్చినాది నాకు."

ఇన్నేళ్ళూ ఆ మాట ఎప్పుడూ చెప్పలేదే. ఇప్పుడే చెప్పాలా. గౌరీశ్వరి నోట్లోంచి పట్నంలో ముప్పయ్యేళ్ళు అలవాటు చేసుకున్న భాష ఎటో పోయింది.

"గంగాలూ, నీ కడుపులోది కేన్సరు కాదనుకుంతన్నాను. గుడ్డముక్క. ఆ రోజు లోన ఉండిపోనాది. పదిహేను కాదు, పదారు ఉండాల. నానే ఒక గుడ్డని కోసి రెండు సేసినాను, మర్సిపోనాను. తప్పు లెక్కెట్టినాను."

"కేన్సరు కాదా?"

"కాదు అనే అనుకుంతన్నాను."

"అయితే సావనా?"

"సావవు."

గంగాలమ్మ కళ్ళు మూసుకుంది. నవ్వు వచ్చింది, ఓలమ్మ, సావను, అనుకుంది. బరువంతా దించేసినట్టు ఊపిరి వదిలింది. గౌరీశ్వరి ఆ ఒక్క క్షణం, సిగ్గు లేకుండా, అయిపోయింది అనుకుంది. అప్పుడు గంగాలమ్మ కళ్ళు తెరిచింది.

"మరి ఆ గేసు బిళ్ళలేటి?"

గౌరీశ్వరి దుప్పటి అంచు సర్దబోయింది.

"తెలిసే ఇచ్చినావేటి?"

"తెలిసే ఇచ్చినాను."

గంగాలమ్మ తన చెయ్యి వెనక్కి తీసుకుని దుప్పటి కింద పెట్టుకుంది. తిట్టలేదు. మత్స్యకారుల ఆడవాళ్ళ తిట్లు రేవులో ఎన్నో విన్న గౌరీశ్వరికి ఒక్క తిట్టు పడితే బాగుండుననిపించింది. అంతలో చేతులు తుడుచుకుంటూ డాక్టర్ జయంత్ వచ్చాడు. ఏమ్మా రెడీయా, అన్నాడు.

"డాట్రు బాబూ, ఈవిడ నీతో ఒకటి సెప్తాది. నా ముందరే ఇను," అంది గంగాలమ్మ.

చెప్పింది. రెండోసారి సుళువవుతుందనుకుంది, కాలేదు. పుష్ప చేతిలోని చార్టు కిందికి దించి నేల చూస్తూ నిలబడింది. తన చెయ్యి మీద పడిన దెబ్బ ఎందుకు పడిందో ఆ పిల్లకి ఇప్పుడు తెలిసింది. జయంత్ గౌరీశ్వరి దగ్గరున్న కవరులోంచి ఫిల్ము తీసి లైటుకి పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ బుడగలు చూసి మొన్న నాకూ అనుమానం వచ్చింది సిస్టర్. పాత కాగితాలు తెప్పించాను. కౌంట్ కరెక్ట్ అని రాసుంది, కింద మీ సంతకం. మీ సంతకం కదా అని వదిలేశాను."

మొన్న కూడా. మొన్నటి దాకా ఆ సంతకం పని చేస్తూనే ఉంది, ఆవిడ ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్నా.

"ముందు గడ్డే తెరుస్తాను. గుడ్డయితే పేగు చాలామటుకు మిగుల్తుంది. గంట ఆలస్యంగా మొదలెడదాం, ఇంకోసారి స్కాన్ డాక్టరుతో మాట్లాడతాను," అన్నాడు జయంత్. తర్వాత గొంతు తగ్గించి, "ఇది నేను కాగితం మీద రాయాలి, తెలుసు కదా."

"రాయండి బాబూ. పేరు పూర్తిగా రాయండి."

ట్రాలీ వైపు తిరిగింది. అలవాటుకొద్దీ లోపలికి వెళ్ళడానికి చెప్పులు విడిచింది కూడా. గంగాలమ్మ తల అటు తిప్పుకునే ఉంది.

"నువ్వు లోనకి రావద్దు. గుంట బయట ఒక్కర్తీ ఉంది. దాని అయ్య రక్తం కోసరమని ఎళ్ళినాడు. దానికి నువ్వే సెప్పు. నా నోట సెప్పించకు."

గౌరీశ్వరి చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చింది. థియేటర్ తలుపు ముందు ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఎప్పుడూ బయటి వైపు కూర్చోలేదు. అక్కడ కూర్చునే తల్లుల్నీ మొగుళ్ళనీ దాటుకుని చకచకా పోయేది, వాళ్ళు లేచి నిలబడి మొహంలోకి చూస్తే చూడనట్టు. సాయిదుర్గ అలాగే లేచి నిలబడింది. కూర్చోమంది. తనూ కూర్చుంది. మొదలు ఎక్కడ పెట్టాలో తెలియక, నర్సుకి నర్సు చెప్పినట్టు చెప్పడం మొదలెట్టింది, ఎన్ని మాపులు, ఎన్ని కట్టలు, ఎందుకు కొయ్యకూడదు, ఎప్పుడు కోసింది. మధ్యలో ఆపకుండా బిళ్ళల దాకా చెప్పింది. పిల్ల కదలకుండా విన్నది. చదువుకున్న పిల్ల, ఏదీ రెండోసారి చెప్పించుకోలేదు. అంతా అయ్యాక ఒకే ఒక్కటి అడిగింది.

"బస్సులో మీకు గేపకం వచ్చినప్పుడు, నాను పుట్టి ఎంత సేపయిందండీ?"

గౌరీశ్వరి లెక్కపెట్టుకోనక్కర్లేదు.

"ఆరు గంటలు."

సాయిదుర్గ తల ఊపింది. కుర్చీ మీంచి పుస్తకం, గౌరీశ్వరి ఒళ్ళోంచి స్కాన్ కవరు తీసుకుని, రెండు కుర్చీలు అవతలకి జరిగి కూర్చుంది.